పజిలయ్య అడిగిన ప్రశ్న

సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అతన్ని అందరూ పజిలయ్య అనేవారు. సూటిగా మాట్లాడితే నోటి ముత్యాలు రాలిపోతాయేమోనని భయపడే రకం. టీ ఎన్ని కప్పులని అడిగితే, "మూడు మూళ్లలోంచి ఏడు తీసెయ్యండి" అనేవాడు. టీ పోసే ఆవిడ లెక్క తేల్చే ఓపిక లేక పక్క టేబుల్‌కి వెళ్లిపోయేది.

ఇంట్లోనూ అదే గోల. ముప్ఫై రెండో పుట్టినరోజున తన వయసును కంప్యూటర్ లెక్కలో, ఒకటి పక్కన అయిదు సున్నాలుగా రాసి తల్లికి చూపించాడు.

"లక్షేళ్లా? ఇకనైనా పెళ్లి చేసుకోరా నాయనా" అందావిడ.

అలాంటి మహానుభావుడి మనసు టెస్టింగ్ చేసే అమ్మాయి మీద పడింది. అతను కంప్యూటర్‌కి రాసే కోడ్ చదివి తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. కూర్చునేది ఎదురు టేబుల్ దగ్గరే. మామూలు మనిషైతే నోరు తెరిచి అడుగుతాడు. ఇతను కోడ్ మధ్యలో, కంప్యూటర్ పట్టించుకోని ఒక వరుసలో, "నన్ను పెళ్లి చేసుకుంటారా?" అన్న ప్రశ్నను సున్నాలు, ఒకట్లుగా మార్చి పెట్టాడు. ఇంతకన్నా గొప్పగా ఎవరూ అడగలేరని తన భుజం తనే తట్టుకున్నాడు.

ఇతనికి ఇంకో సుగుణం ఉంది. తన కోడ్‌లో పరాయివాళ్ల అక్షరం కనబడితే ఒళ్లు మండుతుంది. రోజూ పొద్దున్నే వచ్చి, తను రాయనిది ఏదున్నా చదవకుండానే తీసిపారేసేవాడు.

నెలలు గడిచాయి. ఆమె పలకలేదు. పాపం, అంత తెలివి లేదు కాబోలని ఆమె మీదే జాలిపడ్డాడు. ఆరో నెలలో ఆమె శుభలేఖ తెచ్చి అతని ముందు పెట్టింది.

"నేనడిగినదానికి మీరు జవాబే ఇవ్వలేదు" అన్నాడు.

"ఇచ్చానండీ. మీ వరుస కిందే, మీ పద్ధతిలోనే రాశాను. మర్నాటికల్లా తీసేశారు. వద్దనుకున్నారని అర్థం చేసుకున్నాను."

ఆమె వెళ్లిపోయింది. ఎవరు ఏ వరుస ఎప్పుడు తీశారో, తీసేసిన వరుసతో సహా ఆఫీసు కంప్యూటర్లో చిట్టా ఉంటుంది. అది తెరిచి వెతికాడు. తీసినవారి పేరు తనదే. కారణం దగ్గర "చెత్త" అని ఉంది.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఇంకొకరు రాసిన పజిల్‌ను పెన్ను పట్టుకుని కూర్చుని విప్పాడు.

"చేసుకుంటాను. మీ అమ్మగారితో నేనే మాట్లాడనా?"