డ్రైవర్ వైపు తలుపు

మా నాయిన లారీ తలుపు ఎప్పుడూ ఒక్కసారికి పడేది కాదు. మొదటిసారి దబ్బున కొట్టుకొని వెనక్కి వచ్చేది. రెండోసారి ఆయన కిందినుంచి భుజం ఆనించి, కొంచెం పైకి లేపి నెట్టేటోడు. అప్పుడు పడేది. లక్డారంలో మా ఇంటి ముందర ఆ రెండు చప్పుళ్లు వినబడితే అమ్మ పొయ్యి మీద నీళ్లు పెట్టేది. నేను చదువుతున్న పుస్తకంలో వేలు పెట్టి మూసి, కిటికీలోంచి చూసేదాన్ని. ఎదురు ఉరికేంత చొరవ నాకు చిన్నప్పటినుంచీ లేదు. ఆయనే లోపలికి వచ్చి నా నెత్తి మీద కుడిచెయ్యి పెట్టేటోడు. డీజిల్ వాసన వచ్చేది.

పక్షవాతం వచ్చినంక ఆ చెయ్యి ఆయన ఒడిలోనే పడి ఉంటుంది. లారీ ఇంటి పక్కన ఎండకు ఎండి, వానకు తడిసి తుప్పు పట్టింది. తుక్కు కొనేటోళ్లు వచ్చి అడిగితే నాయిన తల అడ్డంగా ఊపిండు.

"నడపను. ఒక్కపారి ఎక్కి కూసుంట. తలుపు నేనే ఏసుకుంట. ఇగ గంతే."

ఆయన మా దగ్గర వేరే ఏదీ అడగలేదు. నాకు కంపెనీలో ఉద్యోగం కుదిరినంక బండిని క్రేనుకు కట్టించి ముత్తంగిలోని షెడ్డుకు తోలించినం. అక్కడ డెంటింగ్ పని చేసే పెద్దాయనను నేను చాచా అంటాను. నాయిన లారీకి సొట్ట పడ్డప్పుడల్లా ఆయనే సరిచేసేటోడు. ఇద్దరూ ఒకరినొకరు ఎక్కిరించుకోకుండా చాయ్ తాగంగ నేను చూడలేదు.

చాచా క్యాబిన్ అడుగు రేకు మార్చిండు, రంగు కొట్టిండు. చివరికి డ్రైవర్ వైపు తలుపు వట్టిగ పెట్టి చూసిండు. చుట్టూ సందు ఒక్కతీరుగా వచ్చింది. కానీ అద్దం ఎక్కించంగనే ఆ బరువుకు తలుపు కిందికి జారింది.

"అద్దం లేకుంట తలుపు పెట్టిన చూడు. ముసలోన్ని అయిన," అని తననే తిట్టుకొని మళ్లీ ఊడదీసిండు.

ఆ ఆదివారం నాయినను ఆటోలో తీసుకొని పోయిన. ఆయన షెడ్డు ముందు కుర్చీలో కూర్చున్నడు. చాచాకు ఒక పద్ధతి ఉంది. సీట్లో మనిషి లేకుండా డ్రైవర్ వైపు తలుపు బిగించడు. మనిషి ఎక్కితే పాత క్యాబిన్ ఆ పక్కకు జెర ఒరుగుతుంది. ఖాళీ బండికి సరిపోయిన తలుపు, మనిషి ఎక్కినంక అంచుకు రాసుకుంటుంది. పని అయ్యేదాకా అంతసేపు పైన కూర్చునే ఓపిక నాయినకు లేదు.

"బేటా, నువ్వు ఎక్కు," అన్నడు చాచా.

"నేనా?"

"మరి నేను ఎక్కితే తలుపు ఎవరు పెడతరు, మీ నాయినా?"

బీహార్ నుంచి వచ్చిన పనోళ్లు నవ్విన్రు. నేను తల వంచుకొని ఎక్కిన. సీటు మార్చొద్దని నాయిన ముందే చెప్పి ఉండె. ఏళ్ల తరబడి ఆయన కూర్చున్న చోట గుంత పడింది. అందులో నేను ఒక పక్కకు ఒదిగినట్టు కూర్చున్న.

చాచా తలుపు మూసి, సందులో రంపం బ్లేడు ముక్క పెట్టి చూసిండు. పెదవి విరిచిండు.

"నీ బరువు చాలదు. మీ నాయిన పహిల్వాన్. ఎక్కితే బండి వంగి సలాం కొట్టేది."

పాత బోల్టుల సంచి తెచ్చి నా ఒడిలో పెట్టించిండు. తొడలు నొప్పి పెట్టినయి. సంచి జారకుండా రెండు చేతులా పట్టుకున్న.

"జోగిపేట అంగట్ల కూరగాయలమ్మ లెక్క కూసున్నది," అన్నడు నాయిన. మాట ముద్దగా వస్తుంది గానీ నవ్వు ఎప్పటిదే. చాచా కూడా నవ్వుకుంట బోల్టు వదులు చేయబోయిండు.

"భాయ్," అన్నడు నాయిన.

"ఏంది డ్రైవర్ సాబ్?"

"గా సంచి తీసెయ్."

"తీస్తె ఎట్ల? నీ బరువు నాకు ఎరుక లేదా?"

"గది అప్పటి బరువు." నాయిన లుంగీ కింద సన్నబడ్డ తన మోకాళ్ల దిక్కు చూసుకున్నడు. "ఇప్పటికి పిల్ల ఒక్కతే చాలు."

చాచా పనోళ్లను పిలవలేదు. తనే పైకెక్కి సంచి తీసిండు. రోజూ పొద్దున నాయినను మంచం మీదినుంచి లేపేది నేనే. ఆయన ఎంత బరువో నా చేతులకు తెలుసు. అయినా తెలవనట్టే ఉన్న ఇన్నాళ్లు. ఆ సీట్లో కదలకుండా, ఆయన బదులు బరువై కూర్చున్న. చాచా తలుపు వెనక ఒక వాషరు దూర్చి, బిగించి, మూసి, మళ్లీ వదులు చేసి, మళ్లీ బిగించిండు. చివరికి తలుపు లోపల ఒక తోలు పట్టీ కట్టిండు, ఎడమచేత్తో అందేటట్టు.

ఇద్దరు పనోళ్లు నాయినను ఎత్తి కూర్చోబెట్టిన్రు. నేను అప్పటికే క్లీనర్ కూర్చునే పక్క సీటుకు జరిగిన. చిన్నప్పుడు నా చోటు అదే. ఆ గుంతలో ఇప్పుడు నాయిన కూడా నా లెక్కనే ఒక పక్కకు ఒదిగిండు. ఎడమచెయ్యి ఛాతీ మీదుగా చాపి, పట్టీ అందుకొని గుంజిండు. తలుపు పడ్డది. లావుపాటి పుస్తకం మూసినంత చప్పుడు.

కింద చాచా పానా జేబులో పెట్టుకున్నడు. నాయిన అద్దంలోంచి రింగురోడ్డు దిక్కు చాలాసేపు చూసిండు. తర్వాత లాకు తీసి, తలుపు నెట్టి, మళ్లీ గట్టిగా గుంజిండు.

"ఒక్కసారికే పడ్డది కద నాయినా," అన్న.

"పడ్డది. రెండోది మీ అమ్మకు ఇనబడాలె కద."

అమ్మ లక్డారంలో ఇంట్లో ఉంది. నా పక్క తలుపు ఇంకా పెట్టలేదు. అటునుంచి గాలి వస్తుంటే ఇద్దరం అట్లనే కూర్చున్నం.