తాత అమ్మేసిన చంద్రికల అంగడి

నా చిన్నప్పుడు మా తాత తన అంగడి అమ్మేస్తానంటే అందరికంటే ఎక్కువ సంతోషించింది మా అవ్వ. అమ్మేశాక అందరికంటే ముందు విసిగిపోయిందీ ఆమే. పొద్దున పోతే చీకటి పడేదాకా ఇంటి మొహం చూడని మనిషి, ఇప్పుడు పగలంతా ఇంట్లోనే తిరగడం మొదలుపెట్టాడు. కూర్చుంటే లేస్తాడు, లేస్తే వాకిట్లోకి పోతాడు, మళ్లీ లోపలికొచ్చి దాహం లేకపోయినా నీళ్లు తాగుతాడు. "కాలుగాలిన పిల్లి మాదిరి యాల తిరుగుతాండావు, ఒక సోట కూసోరాదా" అని అవ్వ కసిరేది.

మాది పుంగనూరు. తాతది వెదురు పని. పెద్దపంజాణి పోయే దోవలో ఒక రేకుల కొట్టం వేసుకుని చంద్రికలు అల్లేవాడు. చంద్రిక అంటే ఈ కాలం పిల్లలకు తెలియదేమో. మంచమంత వెదురు చాప, దాని మీద సన్నటి వెదురు బద్దను నిలువుగా పెట్టి చుట్లు చుట్లుగా కుట్టి ఉంటుంది. పట్టుపురుగులు దాదాపు నెలరోజులు ఆకు తిని పండుతాయి. పండిన పురుగు ఆకు ముట్టదు. తల పైకెత్తి అటూ ఇటూ వెతుక్కుంటుంది. అప్పుడే దాన్ని ఏరి చంద్రిక మీద వేస్తే ఆ చుట్ల సందులో కుదురుగా గూడు కట్టుకుంటుంది. వేయకపోతే నోట్లో ఉన్న దారమంతా తట్టలోనే వృథా చేసేస్తుంది. రైతు కష్టమంతా ఆ ఒక్కరోజు మీద ఆధారపడి ఉంటుంది.

అందరికీ సొంత చంద్రికలు ఉండేవి కావు. మా తాత దగ్గర బాడుగకు తీసుకుపోయేవాళ్లు. పురుగు పండకముందే వచ్చి చెప్పుకోవాలి. తాత "సరే, పో" అన్నాడంటే ఆ చంద్రికలు వాళ్లకే. కాగితమూ లేదు, సాక్షీ లేదు. ఆ రెండు మాటల మీదే అంగడి నడిచింది.

తాతకు చూపు మందగించింది. బద్ద చీల్చబోయి వేలు చీల్చుకోవడం ఎక్కువైంది. మా నాయనకు వెదురు పని అబ్బలేదు. చివరకు కుప్పం దిక్కు నుంచి వచ్చిన ఒక మొగుడూ పెళ్లాం తమకున్న ఆవులను అమ్ముకుని అంగడి కొనుక్కున్నారు. మేము వాళ్లను కుప్పం అన్న, కుప్పం అక్క అనేవాళ్లం. ఆ అన్న చాలా మెత్తటి మనిషి. మాట్లాడేముందు ఒకసారి గొంతు సవరించుకునేవాడు. నోరున్నదంతా అక్కకే.

అమ్మిన వారం లోపలే తాత "ఊరికే పోయొస్తా" అని అంగడికి పోవడం మొదలుపెట్టాడు. ఊరికే పోయినవాడు ఊరికే ఉంటాడా? తన పాత పీట మీదే కూర్చునేవాడు. బద్ద మందమైందనేవాడు, చుట్టు వదులైందనేవాడు. వచ్చిన రైతులు ఆయనకే దండం పెట్టి ఆయనతోనే మాట్లాడేవాళ్లు. కుప్పం అన్న తన సొంత అంగడిలో కూలివాడిలా పక్కన నిలబడేవాడు. నేను తాత వెంట పోయి ఇదంతా చూసి, మా తాతంత గొప్పవాడు లేడనుకునేదాన్ని.

అవ్వకు ఇది నచ్చలేదు. చెప్పి చూసింది. తాత వినలేదు. ఒకరోజు మధ్యాహ్నం అన్నంలో పప్పు కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడో లేదో, తాత మొహం మాడిపోయింది. ఉప్పు! మా అమ్మ భయపడిపోయింది. అవ్వ మాత్రం నింపాదిగా చెప్పింది. "కోడలు ఏసింది. నేనూ పోయి రోంత ఏసినా. ఇన్నేండ్లు ఏసిన సెయ్యి గదా, ఊరుకోల్యా." వంటిల్లు మా అమ్మకు అప్పగించిన నాటి నుంచి అవ్వ పొయ్యి దగ్గర చెయ్యి పెట్టింది ఆ ఒక్కరోజే. తాతకు అర్థమైంది. కానీ అర్థం కావడం వేరు, మానుకోవడం వేరు. నాలుగు మజ్జిగ మెతుకులు తిని, తుండుగుడ్డ భుజాన వేసుకుని మళ్లీ అంగడికే పోయాడు.

అసలు తప్పు అంతకుముందే జరిగిపోయింది. పెద్దపంజాణి పక్క పల్లె రైతు ఒకాయన అంగడికి పోకుండా నేరుగా మా ఇంటికే వచ్చాడు. "కొత్తోళ్లు నాకేం తెలుసప్పా, నీ మాట సాలు నాకు" అన్నాడు. ఆ మాటకు తాత ఉబ్బిపోయాడు. అలవాటు చొప్పున "సరే, పో" అన్నాడు. తనవి కాని చంద్రికలకు మాట ఇచ్చేశాడు. ఆ సంగతి కుప్పం అన్నకు చెప్పాలని కూడా ఆయనకు తోచలేదు.

అటు కుప్పం అన్న అవే చంద్రికలను ఇంకొకరికి ఒప్పుకున్నాడు. మిషన్ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి మానుకున్న ఒక అమ్మ, మొదటిసారి పురుగులు పెంచుతోంది. రెండుచోట్లా పురుగులు ఒకేరోజు పండాయి.

ఆ పొద్దున నేను, తాత, మాట తీసుకున్న ఆ రైతు ఆయన ఎద్దుల బండి మీద అంగడికి చేరేసరికి చంద్రికలన్నీ ఆయమ్మ బండికి ఎక్కి ఉన్నాయి. తాడు కట్టడమే మిగిలింది. రైతు మొహం పాలిపోయింది. తాత బండి దిగీ దిగకముందే "దించరా అబ్బీ! నేను మాటిచ్చిండాను" అని అరిచాడు.

కుప్పం అన్న గొంతు సవరించుకుని, తాడు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. పెద్దాయనను కాదనలేడు. దించితే, మాట తప్పినవాడని ఊరంతా చెప్పుకుంటుంది. ఆ తర్వాత ఆ అంగడి గడప ఎవరూ తొక్కరు. అమ్ముకున్న ఆవులు తిరిగిరావు, వదిలొచ్చిన కుప్పానికి ఏ మొహంతో తిరిగి పోతాడు? ఆయమ్మ బండి చక్రం పట్టుకుని కదలకుండా నిలబడింది. నాకు తాత చెయ్యి పట్టుకోవాలంటే మొదటిసారి భయం వేసింది.

అప్పుడు కుప్పం అక్క కొట్టంలోంచి వచ్చింది. చేతిలో ఉన్న బద్ద కింద పెట్టింది. గొంతు పెంచలేదు. "తాతా, ఒక మాట అడగతాను, కోపం సేసుకోవద్దండి. మీరు మాకు ఈ అంగడి అమ్మినారా, బాడుక్కిచ్చినారా?"

తాత భుజం మీది తుండుగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. నాకు ఆయన్ని చూస్తే ఏడుపొచ్చింది. తర్వాత నెమ్మదిగా "అమ్మినానమ్మా" అన్నాడు. ఆయమ్మ బండి దగ్గరికి పోయి, తాడు అందుకుని, చంద్రికలు జారకుండా తానే బిగించి కట్టాడు. బండి కదిలేదాకా దాని పక్కనే నిలబడ్డాడు.

తర్వాత తాత రైతు దగ్గరికి వచ్చి, "నాది గానిదానికి మాటిచ్చినా అప్పా. తప్పు నాది, ఆ పిల్లోనిది గాదు" అన్నాడు. రైతు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. బండి వెనక్కి తిప్పుకున్నాడు. ఆయన పిలవకపోయినా తాత ఎక్కి కూర్చున్నాడు. నేనూ ఎక్కాను. పొద్దుగూకేదాకా ఆ పల్లెలో చేలగట్ల మీద ఎండిన కందికట్టె ఏరి, కట్టలు కట్టి, పందిరి కింద పరిచి పురుగులను వాటి మీద వేశాం. చంద్రికలు దొరకనప్పుడు పూర్వం అలాగే చేసేవాళ్లట. ఆ ఇంటావిడ నాకు మజ్జిగ ఇచ్చింది, తాతకు ఇవ్వలేదు. ఆయన అడగనూ లేదు. చూపు ఆనని కళ్లతో ఒక్కొక్క పురుగునే తడుముకుంటూ ఏరాడు. పంట పూర్తిగా పోలేదు గానీ, గూళ్లు చెత్త అంటుకుని ముతకగా వచ్చాయి. ఆ రైతు మళ్లీ మా ఇంటి దిక్కు రాలేదు.

ఆ తర్వాత ఎవరైనా మా గడపలోకి వచ్చి చంద్రికలు అడిగితే, తాత "అంగడి ఆడుండాది, అంగడోళ్లూ ఆడే ఉండారు" అని చెయ్యి చూపించేవాడు. బజారుకు పోవాల్సి వస్తే చుట్టూ తిరిగి వేరే సందులోంచి పోయేవాడు. ఆయన బుద్ధి తెచ్చుకుని హాయిగా కూర్చున్నాడని చెబితే అది అబద్ధమవుతుంది. ఉన్నన్నాళ్లూ వాకిట్లో తిరుగుతూనే ఉన్నాడు. అవ్వ మాత్రం మళ్లీ కసరలేదు. ఆయన తిరిగే జాగాలో ఏమీ అడ్డం లేకుండా ఊడ్చి పెట్టేది.

మదనపల్లెలో నేను ఇన్నేళ్లు నడిపిన కుట్టు అంగడిని పోయిన నెలలో నా దగ్గరే పని నేర్చుకున్న అమ్మాయికి అమ్మేశాను. కుదురుగా ఉండలేకపోతున్నాను. నిన్న ఒకావిడ ఇంటికే వచ్చి, "చెయ్యి బిగుతైందమ్మా, మీరైతే బాగా కుడతారు, ఒక్కసారి విప్పి కుట్టియ్యండి" అని రవిక నా ఒళ్లో పెట్టింది. కుట్టు ఎక్కడ తప్పిందో చూడగానే తెలిసింది. వేళ్లు అప్పుడే ఆ కుట్టు మీదికి పోయాయి. రవిక మడిచి ఆవిడ చేతిలో పెట్టి, "అంగడికే తీసకపోమ్మా, ఆ అమ్మాయే సరిచేస్తాది" అన్నాను. ఆవిడ పోయాక ఇంట్లో ఈ గదికీ ఆ గదికీ ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. అన్నీ అమ్మేసిన మా తాత చివరికి ఈ తిరుగుడును మాత్రం కొన్నవాళ్ల నెత్తిన పెట్టకుండా తన దగ్గరే ఉంచుకున్నాడు. నా వాటాకు వచ్చింది అదే.