‘ఓ’ గ్రూపు వాడికి మాస్కు

నాది ‘ఓ’ గ్రూపు రక్తమన్న ఒక్క కారణంతో నాకు మాస్కు ఇవ్వకుండా, కరోనా వచ్చి దగ్గుతున్న తోటి పనివాడి గదిలోకి అన్నం పట్టుకెళ్లమన్నారు. అది తప్పు. అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

నా చిన్నప్పుడు, గోదావరి పక్కన మా ఊళ్లో, మా మేనత్త కోళ్లు పెంచేది. ఒక వేసవిలో గూట్లో తెగులు తగిలి కోళ్లు మెడలు వాల్చేశాయి. బాగున్నవాటిని విడిగా గంపల కింద మూయమని నాకు పురమాయించింది. నాకు బద్ధకం. నా ఎర్రపెట్ట నాటుకోడి, నాటుకోళ్లకు తెగులు రాదని ఊరంతా అంటుంది, దానికి గంపెందుకని వాదించాను. అత్త కోప్పడలేదు. ఆ పెట్టను తెచ్చి నా చేతుల్లో ఉంచి, తెగులు గూటి తలుపు తీసింది. "గట్టి జాతేరా, కాదన్నానా? నీ చేత్తో నువ్వే లోపలికి తొయ్యి" అంది. పెట్ట గుండె నా అరచేతిలో కొట్టుకుంటోంది. నా వల్ల కాలేదు. అత్త తలుపు మూసి గంప అందించింది.

జాతి గట్టిదే కావచ్చు. చేతిలో ఉన్నది మాత్రం ఒక్క కోడి. బడి ఐదో తరగతితో ఆగిపోయినా, ఆ తర్వాత పేపర్లలో, దొరికిన పుస్తకాల్లో చదివినదంతా నన్ను ఆ మాట దగ్గరికే తెచ్చింది.

2020లో నాకు దుబాయ్‌లోని జెబెల్ అలీలో గిడ్డంగి పని. మెళ్లో వేలాడే కంపెనీ కార్డు మీద పేరు కింద రక్తం గ్రూపు ఉంటుంది, ప్రమాదం జరిగితే పనికొస్తుందని. ‘ఏ’ గ్రూపు వాళ్లకు జబ్బు తొందరగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుందని, ‘ఓ’ గ్రూపును అంటదని ఫోన్లలో ఒక మాట తిరిగింది. మాస్కులు తక్కువ పడ్డాయి. మా క్యాంపు సూపర్‌వైజరు ఆ కార్డులు చూసి పంచాడు. కరీంనగర్ వైపు మనిషి. చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు. "నీకేం గాదు కాకా, నీది ‘ఓ’ గ్రూపు" అని నవ్వాడు. కాకాది ఉక్కు రక్తమని మిగతావాళ్లు ఎగతాళి చేశారు.

ఆస్పత్రి బండి వచ్చేదాకా గదిలో ఉన్న రోగికి అన్నం పట్టుకెళ్లే పని నాకే పడింది. పట్టుకెళ్లనని నేననలేదు. గ్రూపుల మధ్య కొంచెం తేడా ఉందేమోనని డాక్టర్లు చూస్తున్నారని నేనూ చదివాను. ఉంటే ఉండనీ. అన్నం పళ్లెం కింద పెట్టి సూపర్‌వైజర్ని ఒక్కటే అడిగాను.

"మీ నాయనది ‘ఓ’ గ్రూపైతే, ఇట్టాగే ఉత్త మూతితో పంపుతావా?"

అతను నా కార్డు వంక కాకుండా నా ముఖం వంక చూసి, ఫోను తీసుకుని బయటికి వెళ్లాడు. అన్నం చల్లారుతోంది. లోపల దగ్గు వినిపిస్తూనే ఉంది.

ఫలానావాళ్లకు రాదు అని ఎవరన్నా, ఆ ఫలానావాళ్లలో ఒకరి ముఖం ఎదురుగా పెట్టుకుని వింటాను, ఇప్పటికీ. ఆ రోజు అతనికీ ఏదో ముఖం కనిపించే ఉంటుంది. తిరిగొచ్చి, తన వంతుకు దాచుకున్న కొత్త మాస్కు నా చేతిలో పెట్టాడు.

"డాక్టర్ సాబ్‌ను అడిగిన కాకా. జర ఫరక్ ఉండొచ్చట, ఇంకా తేలలేదట. గ్రూపు చూసి మాస్కు ఆపుడు తప్పన్నడు. ఇది నాది, కట్టుకో. లోపలికి పోయేది నువ్వు, నేను గాదు."