యాభై ఏడు కిలోల తమ్ముడు

మొన్న వేసవిలో పుట్టింట నాలుగు రోజులుండి, పిల్లలిద్దరినీ తీసుకుని విశాఖ నుంచి మా అత్తవారి ఊరికి బయలుదేరానా, స్టేషనుకి వచ్చాక రైలు గంట ఆలస్యమన్నారు. ప్లాట్‌ఫారం మీద రంగు బల్బులు గిరగిరా తిరిగే బరువు తూచే యంత్రం ఒకటి ఉంటుంది చూడండి, మా పెద్దాడు దాని దగ్గర నుంచి కదలనని మొండికేస్తే, మమ్మల్ని రైలెక్కించడానికి వచ్చిన మా తమ్ముడు వాడి ముచ్చట తీర్చి, ఆ ఊపులో తనూ ఎక్కాడు. టక్కుమని చీటీ పడింది. డెబ్బై తొమ్మిది.

"సూసావా అప్పా, నాలుగు తరగతులు పైకెళ్ళిపోనాను" అని పొట్ట మీద చెయ్యేసుకుని నవ్వాడు. కుస్తీలో బరువును బట్టి తరగతులుంటాయి లెండి, వాడి మాట దాని గురించి. నేనూ నవ్వాను. కానీ రైలు కదిలి, వాడు చెయ్యూపుతూ వెనక్కి పోయాక, యాభై ఏడు అన్న అంకె గుర్తొచ్చింది. పదేళ్ళ కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంటిల్లిపాదీ ఆ అంకె చుట్టూనే తిరిగాం.

నా ఈడువాళ్ళకి చెప్పక్కర్లేదు, అప్పట్లో ఇంట్లో అమ్మ లేకపోతే పెద్దాడపిల్ల చదువు అక్కడితో సరి. నేను ఏడో తరగతిలో ఉండగా అమ్మ పోయింది. కంచరపాలెంలో రెండు గదుల ఇల్లు, పోర్టులో ఖలాసీగా పనిచేసే నాన్న, నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడైన తమ్ముడు, వంటింట్లో నేను. నాన్నది తగరపువలస దగ్గర పల్లెటూరు, పొలం కూడు పెట్టక పట్నం వచ్చి మూటలెత్తినవాడు. మాటలు తక్కువ. ఇక ఆ ఇంట్లో వాగుడంతా నాదీ తమ్ముడిదీ.

మా వీధి వెనకాల పెంకుల పాకలో కుస్తీ నేర్పే తాలింఖానా ఉండేది. ఎర్రమట్టిలో నూనె, పసుపు కలిపి మెత్తగా తవ్విన గోదా, గోడకి ఆంజనేయస్వామి పటం. ఆడవాళ్ళు లోపలికి వెళ్ళకూడదు, నేను గుమ్మం దగ్గరే నిలబడి వాడి మజ్జిగ చెంబు అందించి వచ్చేదాన్ని. పదకొండో ఏట అందులో కాలుపెట్టిన తమ్ముడు పదో తరగతికొచ్చేసరికి తనకంటే పెద్దవాళ్ళని వెల్లకిలా పడేసేవాడు. చిత్రం ఏమిటంటే వాడికి లెక్కలంటే కూడా అంతే పిచ్చి. దండీలు తీస్తూ ఎక్కాలు చదివేవాడు, అన్నం కలుపుతూ కంచం అంచున వేలితో ఏవో గుణకారాలు గీసేవాడు. రెండూ వాడివే, రెండూ వాడికి కావలసినవే. చిక్కంతా అక్కడే వచ్చింది.

పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో రెండు దారులు తెరుచుకున్నాయి. ఒకటి ఊళ్ళోనే పాలిటెక్నిక్, మూడేళ్ళు చదివితే అప్పుడప్పుడే లేస్తున్న స్టీల్ ప్లాంటులో ఉద్యోగం దొరుకుతుందని నాన్న ఆశ. రెండోది వేరే ఊళ్ళో ఉన్న ఒక కాలేజీ. అక్కడ కుస్తీ ఆడేవాళ్ళకి ప్రత్యేకంగా సీటిచ్చి, హాస్టల్లో పెట్టి, పాలూ గుడ్లూ పెట్టి పెంచుతారట. అయితే ఆ సీట్లలో లెక్కల గ్రూపు లేదు. పాలిటెక్నిక్‌లోనేమో పొద్దుట క్లాసులు, మధ్యాహ్నం వర్క్‌షాపు, గోదాలో దిగే తీరిక ఉండదు. ఒకటి పట్టుకుంటే రెండోది జారిపోవడం ఖాయం.

ఎవరి మాట వాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటే నాకే బాధా ఉండేది కాదు. అందరూ నాకు చెప్పారు.

"నాను మోసిన మూటలు సాలు. ఆడి సేతిలో ఒక కాయితం ఉండాల. నువ్వు సెప్పు, నీ మాటయితే ఇంటాడు" అని నాన్న.

"తల్లీ, ఆడి ఒడుపు నాను ఇంకో గుంటడిలో సూళ్ళేదు. మీ అయ్యకి నువ్వే సెప్పాల. నాను సెప్తే కొడతాడు" అని గుమ్మం దాకా వచ్చి తాలింఖానా గురువు. ఊళ్ళో ఎందరినో మట్టి కరిపించిన ఆ పర్వతం లాంటి మనిషికి, సన్నగా రివటలా ఉండే మా నాన్నంటే భయం.

"నాన్నకి ఇప్పుడే సెప్పకప్పా, సీటొచ్చినాక సెప్దాం" అని తమ్ముడు.

ముగ్గురి మాటా నా కడుపులో పెట్టుకుని నేను పప్పు రుబ్బుకుంటూ కూర్చునేదాన్ని. ఎవరి మాట ఎవరికి చెప్పినా ఇంకొకరికి ద్రోహమే. అంత వాగుడుకాయకి నోరు కట్టేసినట్టయింది.

దీనికి తోడు వాడి జుట్టొకటి. వాడు తొమ్మిదో తరగతిలో ఉండగా నాన్న సింహాచలం కొండమీద మొక్కుకున్నాడు, పాలిటెక్నిక్ సీటొస్తే పిల్లాడి తలనీలాలు అప్పన్నకిస్తానని, అందాకా కత్తెర తగలనివ్వనని. రెండేళ్ళలో అది భుజాలు దాటింది. గుడ్డపీలికతో ముడేసుకుని గోదాలో దిగితే అవతలి కుర్రాళ్ళు "సవరం పెట్టుకొచ్చావేటిరా?" అని ఏడిపించేవారు. వాడు వాళ్ళని పడేసి, మీద కూర్చుని ముడి సరిచేసుకునేవాడు.

పాలిటెక్నిక్ పరీక్షా, కాలేజీ వాళ్ళ ఎంపికా ఒకే ఆదివారం వచ్చాయి. పొద్దుట పది గంటలకి ఒక హైస్కూల్లో పరీక్ష, మధ్యాహ్నం మూడింటికి ఒక మైదానంలో బరువు తూచడం, మర్నాడు కుస్తీలు. గురువు వాడిని యాభై ఏడు కిలోల తరగతిలో దించుతానన్నాడు, పై తరగతిలో వీడికంటే గట్టివాడు ఉన్నాడని. తమ్ముడు అరవై దగ్గర ఉండేవాడు. మూడు కిలోలు దిగాలి. పరీక్ష రాసే బుర్రకేమో తిండి కావాలి. ఆ వారం వాడికి కడుపు కాల్చుకోవడమే పని, నాకేమో అబద్ధాలాడటమే పని. నాన్న చూస్తుండగా కంచం నిండా వడ్డించేదాన్ని, ఆయన అటు తిరగ్గానే ఆ కంచం పెరటి వైపు పోయేది. ఆ వారంలో పక్కింటివాళ్ళ మేక నున్నగా తయారైంది. "సిన్నోడు డొక్కలు పోయి కనిపిత్తన్నాడేటే?" అని నాన్న అడిగితే, "సదువు నాన్నా, సదువు" అనేదాన్ని.

తాలింఖానాలో కాటా లేదు. గురువుకి తెలిసినవాళ్ళు ఫిషింగ్ హార్బర్లో ఉంటే, శనివారం తెల్లవారుతుండగానే వాడినక్కడికి తీసుకెళ్ళి, చేపల బుట్టలు తూచే కాటా మీద కూర్చోబెట్టారు. బట్టలు పట్టుకోవడానికి నేనూ వెళ్ళాను. వేలం పాట కోసం చేరిన బెస్త ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"ఒలే, ఈ వంజరం పాట ఎంతకి మొదలెడతారే?"

"వంజరం కాదే, ఎండుసేప! పచ్చిసేపకి అన్ని ఎముకలు కనిపిత్తాయేటి?"

వాడు సిగ్గుతో చచ్చిపోయాడు, నేను కడుపు పట్టుకుని నవ్వాను. ముల్లు సరిగ్గా యాభై ఏడు మీద ఆగింది. ఇక రేపు మూడింటిదాకా పచ్చి మంచినీళ్ళు కూడా వద్దన్నాడు గురువు.

ఆదివారం నాన్న పొద్దుటి షిఫ్టుకి పోతూ, పరీక్షకి వెళ్ళేముందు పెరుగూ పంచదారా కలిపి పెట్టమని మరీమరీ చెప్పి వెళ్ళాడు. నేను గిన్నెలో కలిపాను, తమ్ముడు నా మొహంలోకి చూశాడు, నేను ఆ గిన్నె మూత పెట్టేశాను. వాడు ఖాళీ కడుపుతో పరీక్షకి నడిచాడు. వెనక నేను, చేతిలో అంబలి చెంబుతో. ఎందుకు పట్టుకెళ్ళానంటే, ఏమో, చేతులూపుకుంటూ వెళ్ళడం నావల్ల కాలేదు.

రెండు గంటల పరీక్ష అయ్యి బయటికి వచ్చినవాడి మొహంలో నెత్తురు లేదు. పెదాలు పగిలి ఉన్నాయి. స్కూలు గోడకి ఆనుకుని కూలబడి, "ఆఖరి లెక్కల్లో అంకెలు ఈదేత్తన్నాయప్పా" అన్నాడు. నేనింకేమీ ఆలోచించలేదు. చెంబు చేతికిచ్చాను.

మీకు తెలుసో లేదో, మా వైపు చోళ్ళతో, అంటే రాగులతో కాచే అంబలిని తిండిగా లెక్కెయ్యరు. పొద్దున్నే చెంబెడు తాగి పనికి పోయినవాడిని ఏమైనా తిన్నావా అని అడగండి, లేదనే చెబుతాడు. ఉపవాసమున్న మా మేనత్త మజ్జిగ పోసిన అంబలి రెండుపూటలా తాగి, మెతుకు ముట్టలేదని నిజాయితీగా చెప్పేది. నా బుర్రలోనూ అదే ఉంది. తిండీ కాదు, పచ్చి మంచినీళ్ళూ కాదు, అంబలే కదా. "రెండు గుక్కలు తాగరా" అన్నాను. వాడు అడుగంటా తాగేశాడు. వాడి కళ్ళలోకి వెలుగు వస్తుంటే చూసి, మంచిపని చేశానని మురిసిపోయాను కూడా.

మైదానంలో కాటా ఎక్కేసరికి అరకిలో ఎక్కువ చూపించింది. గురువు నా చేతిలోని చెంబు వైపు చూశాడు, దుప్పటి తీసి వాడికి కప్పాడు. తిట్టినా బాగుండేది. గంట గడువిచ్చారు. ఆ మే నెల ఎండలో దుప్పటి కప్పుకుని వాడు మైదానం చుట్టూ పరుగెత్తాడు, చింతపండు నోట్లో వేసుకుని ఉమ్మేస్తూ పరుగెత్తాడు. నేను గేటు పక్కన నిలబడి ఒక్కో చుట్టూ లెక్కపెట్టాను. మళ్ళీ ఎక్కితే ఇంకా వంద గ్రాములుంది. పది నిమిషాలే మిగిలాయి. ఒంటిమీద చెమట ఆగిపోయింది, ఇక దిగడానికి నీరు లేదు.

అప్పుడు గురువు వాడి తల వైపు చూశాడు. మైదానం గేటు పక్కనే మంగలి కొట్టు.

"గొరిగించెయ్. సరిపోద్ది."

తమ్ముడు ముడి విప్పి పట్టుకుని నిలబడ్డాడు. అది తీస్తే నాన్నకి అంతా తెలిసిపోతుంది, మొక్కు పోతుంది, వాడు కొత్త ఊరు పోతాడు. తియ్యకపోతే కుస్తీ ఇక్కడితో అయిపోతుంది. పదహారేళ్ళ పిల్లాడు. గురువు వైపు చూడలేదు, నేరుగా నా దగ్గరికొచ్చాడు.

"అప్పా, నువ్వు సెప్పు. నువ్వు ఊఁ అంటే తీయించేత్తాను."

"ఒద్దురా" అన్నాను. "అప్పన్న జుట్టు. ముట్టుకోకు."

వాడు జుట్టు ముడేసేసుకున్నాడు. గురువు ఏదో అనబోతే, "దేవుడి జుట్టు కదా గురువా, అప్పనేటనకు" అని నా తరఫున వాడే సర్దిచెప్పాడు. ముగ్గురం కంచరపాలెం దాకా నడిచే వచ్చాం. గురువు తన వీధి మలుపు దగ్గర ఆగి వాడి వీపు మీద ఒక్క చరుపు చరిచి వెళ్ళిపోయాడు.

దేవుడంటే భయంతో ఆ మాటన్నానని వాళ్ళిద్దరూ నమ్మారు. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పనిది మీకు చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు అప్పన్న గుర్తుకే రాలేదు. నాన్న కోపం కూడా తర్వాతే గుర్తొచ్చింది. వాడు పెట్టె పట్టుకుని హాస్టల్‌కి పోతే, సాయంత్రాలు వంటింటి గడప మీద కూర్చుని గోదా కబుర్లు చెప్పేవాళ్ళెవరు, నాకు రాని ఇంగ్లీషు మాటలు నేలమీద రాసి చూపించేవాళ్ళెవరు, నాన్న మౌనంతో నేనొక్కదాన్నీ ఆ రెండు గదుల్లో ఎలా ఉండాలి? అదొక్కటే కనిపించింది. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని వాణ్ణి నా కోసం ఆపేశాను.

ఆఖరి జాబితాలో పాలిటెక్నిక్ సీటొచ్చింది. నాన్నా, తమ్ముడూ, నేనూ కొండెక్కి జుట్టిచ్చి వచ్చాం. గుండుతో వాడు నవ్వుతూనే ఉన్నాడు. మొదట్లో ఆదివారాలు తాలింఖానాకి వెళ్ళేవాడు, తర్వాత డ్రాయింగు షీట్లు ఎక్కువయ్యాయని మానేశాడు. ఇక నా సంగతి వినండి, ఆ మరుసటేడు మాఘమాసంలో నాకు పెళ్ళయింది. వాణ్ణి కట్టేసినదాన్ని నేనే ఇల్లు వదిలి పోయాను. వాడు రెండేళ్ళు నాన్న మౌనంలో ఒక్కడే వండుకుని, ఒక్కడే చదువుకున్నాడు. ఒక్క ఉత్తరంలోనైనా నిష్ఠూరం రాయలేదు.

ఇప్పుడు వాడికి స్టీల్ ప్లాంటులో మంచి ఉద్యోగం. నాన్న ఇంటిముందు కుర్చీలో దర్జాగా కూర్చుంటాడు. తాలింఖానా ఉన్నచోట డాబా లేచి, కింద రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టారు. ఇదివరకటి కుర్రాళ్ళు ఒళ్ళంతా ఎర్రమట్టితో వీధిలో పరుగెత్తేవారు, ఇప్పటి పిల్లల భుజాలకి ట్యూషన్ల సంచులు. ఎవరినీ తప్పుపట్టను. వాడు సుఖంగానే ఉన్నాడు, అడిగితే అదే అంటాడు. ఆ కాలేజీకి పోయి ఉంటే ఏమయ్యేవాడో నేనెప్పుడూ అడగలేదు, వాడూ చెప్పలేదు.

ఆ రోజుల్లో అందరూ నన్నే అడుగుతున్నారని ఊపిరాడక ఏడ్చేదాన్ని. మా పెద్దాణ్ణి ఈ జూన్‌లో బడిలో వేస్తున్నారు. తెలుగు బడా, ఇంగ్లీషు బడా అని మా మామగారూ మా ఆయనా వారం రోజులు వీధి అరుగు మీద కూర్చుని తేల్చుకున్నారు. నేను లోపలి గదిలో బట్టలు మడతపెడుతూ, ఎవరైనా ఒక్కసారి ఇటు తిరిగి అడుగుతారేమోనని చివరిదాకా చెవులు రిక్కించి కూర్చున్నాను.