చేతి ప్లాస్టర్ మీద రెండు మాటలు

మా హెడ్ సిస్టర్ గారు పోయిన గురువారం పొద్దున, తాను ఏళ్ల తరబడి తిరిగిన వార్డులోనే కన్నుమూశారు. నాకు పని నేర్పిన మనిషి. ఆమె గురించి మంచే రాయాలని కూర్చున్నాను. రాయగలనో లేదో తెలియదు.

రోగి చేతికి పెట్టిన ప్లాస్టిక్ సూది మూసుకుపోకుండా పూటపూటకూ సిరంజితో కొంచెం నీళ్లెక్కించి ఫ్లష్ చేయాలి. అప్పట్లో మా ఆసుపత్రి పద్ధతి, సెలైన్‌లో హెపారిన్ కలిపి ఎక్కించడం. రక్తం గడ్డకట్టనివ్వని మందు అది. కలపడంలో చెయ్యి తప్పితే ప్రమాదం. ఆమె వార్డులో మాత్రం ఉత్త సెలైనే. జువ్వలదిన్నె నుంచి వచ్చిన, చేపల వేటకు పోయే ఒకాయన భయపడితే, "ఉప్పునీళ్లేలే అబ్బయా, మీ సముద్రమంత ఉప్పు గూడా ఉండదు" అని నవ్వించారు. నన్నేమో, "తొయ్యబాకమ్మే. కొంచెం పోసి ఆగు, మళ్లీ పొయ్యి" అనేవారు. ఈ రోజుకీ నా చేతుల్లో ఉన్నది ఆమె నేర్పిన ఒడుపే. పని అయ్యాక కొప్పులోంచి పెన్ను తీసి సూదికి అంటించిన ప్లాస్టర్ మీద టైము వేసేవారు. ఏం ఎక్కించిందీ రాసేవారు కాదు. అప్పుడు నాకు అనుమానం రాలేదు.

మా వార్డులో ఉత్త సెలైన్‌తోనే బాగా నడుస్తోందని, అన్ని వార్డుల్లోనూ అదే వాడదామని నేనొక కాగితం రాశాను. "రాయి, యూనివర్సిటీ పిల్లా. మీటింగులో నేను చెప్తా గదా" అన్నారు. తీరా పెద్ద డాక్టరు గారు అడిగినప్పుడు, నా వైపు చూడకుండా, "మా వార్డులో ఎప్పుడూ హెపారినే సార్" అన్నారు. గదంతా నా వైపు తిరిగింది. ఆ రోజు నుంచి నేను అబద్ధాలు రాసే నర్సును. ఉద్యోగం పోతుందని భయపడ్డారా, నేనంటే లెక్కలేకనా? ఇప్పటికీ తేల్చుకోలేను.

కొన్నేళ్లకు ఆసుపత్రి తనంతట తానే సెలైన్‌కు మారింది. "నేను అప్పుడే చెప్పలా?" అన్నారామె కొత్త నర్సులతో, నా ఎదుటే.

రిటైరయ్యాక, పోవడానికి రెండు రోజుల ముందు, మంగళవారం, ఆమె మా వార్డుకే రోగిగా వచ్చారు. సూది నేనే పెట్టాను. ఫ్లష్ చేస్తుంటే, "ఏందిమే అది?" అన్నారు. సిరంజిలో ఉన్నది సెలైనే. కానీ ఏళ్లుగా దాచుకున్న మాట బయటికొచ్చేసింది.

"హెపారిన్ మేడమ్. మీ వార్డులో ఎప్పుడూ అదే గదా."

తప్పయిందమ్మే అంటారేమోనని, కొంచెం పోసి ఆగాను. మళ్లీ పోశాను. "పెన్ను ఇచ్చి పో" అన్నారు, అంతే. ఇచ్చి పక్క మంచం దగ్గరికి వెళ్లాను.

గురువారం ఆమె పోయాక, సూది తీయడానికి నన్నే పిలిచారు. ప్లాస్టర్ మీద నేను వేసిన టైము కింద, వంకర అక్షరాలు: "ఉత్త సెలైన్."

దిద్దింది నా అబద్ధాన్నా, తనదాన్నా? ఆ ముక్కను పారేయలేక, నా పాత కాగితం మీద అంటించాను. జిగురు పోయి ఒక మూల పైకి లేస్తోంది. ఇది రాస్తూ రాస్తూ, వేలితో అదిమి పెడుతున్నాను.