టెస్టర్లకి నేను పెట్టిన పరీక్ష

“ఈ మోటారు పోయిందండి. పారేసి కొత్తది కొనుక్కోండి,” అన్నారు మా క్లబ్బు ప్రెసిడెంటు గారు, చెరువు గట్టు మీద షామియానా కింద, పదిహేను మంది వింటుండగా.

నేను మోటార్లు చుట్టేదాన్ని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల మోటార్లు కాలిపోతే మా షాపుకొస్తాయి. మా ఆయన చెరువుల మీదకెళ్ళి విప్పుకొస్తాడు, బాగయ్యాక బిగించి వస్తాడు. మాడిన తీగ పీకేసి, కొత్త రాగితీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టడం నా వంతు. పుట్టింటివాళ్ళూ అత్తింటివాళ్ళూ అందరూ వేట మీదా చేపల అమ్మకం మీదా బతికినవాళ్ళే. నా చేతులు మాత్రం రాగితీగకి అలవాటు పడ్డాయి. పోయిన మోటారేదో, పోనిదేదో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

కానీ ఆ రోజు చెప్పారు. అది ఏరేటరు మోటారు కాదు, నిమ్మకాయంత ఉండే రిమోటు కారు మోటారు.

ఆ కారు నా దగ్గరికి వచ్చిన తీరు చెప్పాలి. మూడేళ్ళ క్రితం ఒక రొయ్యల రైతు రెండు ఏరేటరు మోటార్లతో పాటు దాన్ని కూడా తెచ్చి బల్ల మీద పెట్టారు. “మా వాళ్ళు ఆడి పాడుచేశారండి. వీలైతే చూడండి, లేదంటే తూకానికి వేసెయ్యండి,” అని వెళ్ళారు. మళ్ళీ దాని ఊసే ఎత్తలేదు. చూస్తే ఊడింది ఒక్క తీగ. అంటించి షాపు ముందు రోడ్డు మీద వదిలాను. అది సిమెంటు బస్తాల కొట్టు దాటి, మలుపు దాకా దూసుకుపోయింది. నేను బాగుచేసిన మోటార్లన్నీ ఉన్నచోటే తిరుగుతాయి. నా చేతిలో బాగైంది ఏదీ నన్ను వదిలి అంత దూరం పరిగెత్తలేదు. ఆ సాయంత్రం షాపు మూసే వేళకి బ్యాటరీ మూడుసార్లు ఛార్జి చేశాను.

రేసుల సంగతి తర్వాత తెలిసింది. రొయ్యల పట్టుబడి అయ్యాక చెరువుని ఎండగడతారు కదా, అలా ఎండి గట్టిపడిన చెరువు ఒకదాని అడుగున రిమోటు కార్ల క్లబ్బువాళ్ళు పాత పైపులు పరిచి ట్రాకు వేశారు. చెరువుల ఆసాములు, ఇద్దరు డాక్టర్లు, ఇంజనీరింగు చదివినవాళ్ళు ఆడేవారు. ఆడమనిషిని నేనొక్కదాన్నే. అదీ నలభై ఆరేళ్ళదాన్ని. రుసుము కట్టాను, రసీదు తీసుకున్నాను, గట్టు మీద నా చోటులో నిలబడ్డాను.

మా రేసులో అందరూ ఒకే రకం మోటారు వాడాలి. లోపలి తీగ ముట్టుకోకూడదు. మోటారు వెనక మూతని మాత్రం కొంచెం అటూ ఇటూ తిప్పుకోవచ్చు. దాన్నే టైమింగు అంటారు. ముందుకి తిప్పితే వేగం పెరుగుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది, వేడెక్కుతుంది. ఎంత తిప్పితే మంచిదో కంటికి కనపడదు. అది చెప్పే చిన్న పెట్టెనే మోటారు టెస్టరు అంటారు. మా క్లబ్బులో అది ఒక్క ప్రెసిడెంటు గారి దగ్గరే ఉండేది, రంగుల తెరతో.

ఆ ఆదివారం నా కారు రేసు మధ్యలో నీరసించింది. మోటారు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. టెస్టరు మీద పెట్టమని ఆయన్ని అడిగాను. తగిలించి ఒక్క చూపు చూసి, కరెంటు విపరీతంగా లాగుతోంది, పోయింది అనేశారు.

“టైమింగు ఎంత చూపిస్తోందండి?” అన్నాను.

“అవన్నీ మీకు అర్థమయ్యేవి కావులెండి.”

ఎవరో నవ్వారు. నేను మోటారు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వార్నిష్ మాడిన వాసన లేదు. చుట్ట కాలితే ఆ వాసన వారం రోజులైనా పోదు. ఆయన చెప్పింది తప్పని అప్పుడే తెలిసింది. అది రుజువుగా చూపించడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు.

మా ఆడపడుచు నా వెంటే ఉంది. తను మార్కెట్లో చేపలమ్ముతుంది, ఆదివారం మధ్యాహ్నం బేరాలయ్యాక నాకు క్యారేజీ తెచ్చి రేసు చూసి వెళ్తుంది. బండెక్కేదాకా ఊరుకుని, అప్పుడంది: “నా బుట్టలో చేప కుళ్ళిందో లేదో పక్కోడొచ్చి చెప్పాలా వదినా? మనకి ముక్కు లేదా? నువ్వూ కొనెయ్యి ఆ పెట్టె.”

కొనాలంటే ముందు తెలియాలి. పది రోజులు వార్నిష్ ఆరే మధ్యలో ఫోనులో వీడియోలు చూశాను. ప్రెసిడెంటు గారి దగ్గరున్న రకం ధర చూసి ఫోను బోర్లించేశాను. తర్వాత ఆలోచిస్తే, అందులో సగం హంగులు నాకు అక్కర్లేదు. రంగుల తెర ఎందుకు? అంకెలు ఫోనుకి పంపడం ఎందుకు? మోటారు ఎంత వేగంగా తిరుగుతోంది, ఎంత కరెంటు లాగుతోంది, తిరుగుడు కనిపెట్టే లోపలి మూడు సెన్సర్లూ పనిచేస్తున్నాయా, టైమింగు ఎంత. ఈ నాలుగూ నిజం చెబితే చాలు. చవకగా దొరికేవి రెండు మూడు ఉన్నాయి. ఒకడు బ్రహ్మాండమంటాడు, ఇంకొకడు చెత్త అంటాడు. ఎవరి మాట నమ్మడం? రొయ్యల రైతులు కొత్త మీటరు తెస్తే నేనేం చేస్తాను? సంగతి ముందే తెలిసిన మోటారు మీద పెట్టి చూస్తాను. ఇక్కడా అదే చేద్దామనుకున్నాను.

ట్రాకు పక్కన జనం వదిలేసిన పాత మోటార్లలోంచి రెండు ఏరాను. ఒకదానిలో ఒక సెన్సరు చచ్చిందని నా మీటరుతో ముందే తేల్చుకున్నాను. రెండోదాని బేరింగు పట్టేసింది, చేత్తో తిప్పితేనే తెలుస్తుంది. మూడోది నాది. మూడూ గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుని, ఆడపడుచుని తోడు తీసుకుని, పాసింజరెక్కి రాజమండ్రి వెళ్ళాను. రిమోటు బొమ్మలమ్మే షాపు ఒక మేడ మీద ఉంది.

కౌంటరు వెనకాయన ఆప్యాయంగా అడిగారు. “బాబు వయసెంతండి?”

“ఏ బాబండి?”

“అదేనండి, కారు ఎవరికి?”

“నాకేనండి.”

ఆయన మా ఆడపడుచు వైపు చూశారు, నేను వేళాకోళమాడుతున్నానేమోనని. “ఆయ్, ఆవిడకేనండి. చూపించండి మరి,” అంది అది.

ముందు ఖరీదైనదే తీశారు. “తీసుకుంటే ఇదే తీసుకోవాలండి. మిగతావి పిల్లలాటకి.”

“చవకవే చూపించండి. ఇక్కడే నా మోటార్లు పెట్టి చూసి తీసుకుంటాను.”

“ప్యాకింగు విప్పితే ఎలాగండీ?”

“ప్యాకింగు ఎందుకండీ విప్పడం? అద్దాల బీరువాలో పెట్టినవున్నాయిగా, అవి తియ్యండి. చూడకుండా కొనమంటే మాత్రం కొననండి.”

మిట్టమధ్యాహ్నం, షాపులో వేరే బేరం లేదు. ఆయన నిట్టూర్చి మూడు పెట్టెలూ కౌంటరు మీద పెట్టారు.

అన్నిటికన్నా చవకదానికి ముందుగా సెన్సరు చచ్చిన మోటారు తగిలించాను. అన్నీ బాగున్నాయంది. నా మోటారు మూడుసార్లు పెడితే మూడు వేగాలు చెప్పింది, ఒకదానికొకటి పొంతన లేదు. పక్కకి జరిపేశాను. రెండోది సబ్బుపెట్టెంత ఉంది, నలుపు తెలుపు తెర, తీగలు మరీ సన్నం. చచ్చిన సెన్సరుని పెట్టీ పెట్టగానే పట్టేసింది, మూడింటిలో ఏదో కూడా చెప్పింది. బేరింగు పట్టేసిన మోటారుకి కరెంటు ఎక్కువ చూపించింది. నాది మూడుసార్లు పెట్టినా దాదాపు అదే అంకె. ఈలోగా షాపాయనకే సరదా పుట్టి ఖరీదైన దానికీ నా మోటారు తగిలించారు. వేగం దానిలో కాస్త ఎక్కువ వచ్చింది.

“చూశారా, తేడా ఉందండి,” అన్నారాయన గెలిచినట్టు.

నేను మాట్లాడేలోపే మా ఆడపడుచు అందుకుంది. “ఎప్పుడూ ఒకేలా తక్కువ తూగే కాటాతో వ్యాపారం చేసుకోవచ్చండి బాబూ, ఎంత కలుపుకోవాలో తెలుస్తుంది. పూటకో తూకం చూపించేదైతేనే కొంప ముంచుతుంది.”

నా చూపు మాత్రం అప్పటికి టైమింగు మీద పడింది. నా మోటారు మూత మీద గీత ముప్పై డిగ్రీల దగ్గరుంది. తెర మీద నలభై నాలుగు. ఖరీదైనదానిలోనూ నలభై నాలుగే. అంటే మూత మీద గీతే తప్పు. ముప్పైలో ఉందనుకుని నేను ఇన్నాళ్ళూ దాన్ని మాడ్చేస్తున్నాను. కరెంటు లాగక ఏం చేస్తుంది?

“పోలేదే! మోటారు పోలేదే!” అని అరిచేశాను. కింద మెట్ల మీద వెళ్ళేవాళ్ళు తలెత్తి చూశారు.

ఆ అంకె ఆ ఆదివారం ప్రెసిడెంటు గారి రంగుల తెర మీద కూడా ఉండే ఉంటుంది. ఆయన చూడలేదు, నన్ను చూడనివ్వలేదు.

సబ్బుపెట్టె కొనుక్కొచ్చాను. సన్నతీగలు తీసేసి మా షాపులోని మందపు తీగలు అతికించాను. మూతని గీత చూసి కాకుండా అంకె చూసి తిప్పాను. వేగం కొంచెం తగ్గితే, మోటారుకుండే చిన్న పళ్ళచక్రం తీసి ఒక పన్ను ఎక్కువున్నది వేశాను. పదిహేను నిమిషాలు తిప్పాక పట్టుకుంటే చెయ్యి కాలలేదు.

తర్వాతి రేసులో రెండోదాన్నయ్యాను. మొదటి ఆయన డాక్టరు, నాకన్నా బాగా నడుపుతారు, అందులో అబద్ధం లేదు. ప్రెసిడెంటు గారిది నాలుగో స్థానం. కప్పులు బల్ల మీద సర్దుతుండగా ఆయన గొంతు సవరించుకున్నారు.

“ఒక్క మాటండి. ఈవిడ మోటార్లు చుట్టే మనిషి. లోపల తీగ మార్చలేదని నమ్మకమేంటి?”

ఇరవై రెండేళ్ళ నా పనిని ఆయన ఒక్క ముక్కలో దొంగతనంగా మార్చేశారు. కోపమొచ్చింది. నేను స్క్రూడ్రైవరు తీశాను.

“ఇక్కడే విప్పుతానండి.”

“విప్పితే మళ్ళీ బిగించడం…”

“బిగించడం నాకొచ్చండి.”

తెల్ల తువ్వాలు పరిచి, అందరి ముందూ మోటారు విప్పి, లోపలి చుట్ట వెలుతురుకి పెట్టాను. “దగ్గరికొచ్చి చూడండి. ఇదిగో, ఫ్యాక్టరీ వార్నిష్ చెక్కుచెదరలేదు. ఇక్కడ చూడండి, తీగ మీద తీగ ఎక్కి వంకరగా ఉంది. ఇది మిషను చుట్టింది. నేను చుడితే వరస తప్పదు. నేను చుట్టిందయితే ఇంతకన్నా శుభ్రంగా ఉంటుందండి!”

డాక్టరు గారు వంగి చూసి, “ఇది ఫ్యాక్టరీదే,” అన్నారు. తన మోటారు కూడా తెచ్చి తువ్వాలు మీద పెట్టారు. “నాదీ చూడండి. గెలిచింది నేను కదా.”

“ప్రెసిడెంటు గారిది కూడా పెట్టండి,” అన్నాను.

“నాదెందుకండి? నేను నాలుగోవాణ్ణి.”

“అనుమానం గెలిచినవాళ్ళ మీదేనా? రూలైతే అందరికీ రూలేనండి.”

చివరికి ఆయన మోటారూ తువ్వాలు మీదకొచ్చింది. ఎవరి మోటారులోనూ తప్పు లేదు. ఆయన నాకు క్షమాపణ చెప్పలేదు, నేను అడగలేదు. కప్పు మాత్రం ఆయన చేతుల మీదుగానే తీసుకున్నాను, రెండు చేతులూ చాపి.

చెరువులో మళ్ళీ నీళ్ళు పెట్టారు, రొయ్య పిల్ల వదిలారు. ట్రాకు మునిగిపోయింది. వచ్చే రేసులకి వేరే చెరువు వెతుకుతూ క్లబ్బు మీటింగు పెట్టింది. అందులో కొత్త రూలొకటి చదివారు. ఇకనుంచి మోటార్ల తనిఖీకి ప్రెసిడెంటు గారి టెస్టరు చెప్పిందే లెక్క, సొంత టెస్టర్ల అంకెలు చెల్లవు. అది ఎవరి కోసమో అందరికీ తెలుసు. అందరూ నా వైపు చూశారు.

“పెట్టుకోండి. నా మోటారు మీ టెస్టరు మీదే పెడతాను. కానీ అంకెలు తెర మీద ఉండగా మోటారు తెచ్చినవాళ్ళు చూడాలి, పైకి చదవాలి. అది కూడా రాయండి.”

“నోటిమాటగా అనుకుంటే సరిపోదేంటండి?” అన్నారు సెక్రటరీ.

“సరిపోదండి.”

ఆయన ప్రెసిడెంటు గారి మొహం చూశారు, డాక్టరు గారి మొహం చూశారు. చివరికి పెన్ను మూత తీశారు. ఆయన రాసి, కింద అందరి సంతకాలూ పడేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.