ఖబూరాలో దొరికిన గురిగి

మొన్న శుక్రవారం, ఇక్కడ గల్ఫ్‌లో, ఖబూరా అనే ఊళ్లో ఓ చిన్న దుకాణం ముందు సాంబ్రాణి పొగ వేసే మట్టిపాత్ర చూశాను. అప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. అచ్చం మన గురిగే. మా ఈడు కరీంనగర్ వాళ్లకు గుర్తుందా? కుండ కంటే చిన్నది ముంత, ముంత కంటే చిన్నది గురిగి. పిల్లలకు తలా ఒకటి. నానమ్మ అందులోనే పెరుగు తోడేసేది. పైన మందంగా మీగడ, అంచుకు తడిమట్టి వాసన.

ఆగలేక కొనేశాను. రూముకొచ్చి, కడిగి, పాలు తోడేశాను. పొద్దున మూత తీస్తే పెరుగంతా సాంబ్రాణి వాసన.

“తినాల్నా, పొగేసుకోవాల్నా భాయ్?” అన్నాడు రూమ్‌లో ఉండే కడప మస్తాన్.

అక్కకు ఫోన్ చేసి, గురిగి అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా అని అడిగాను.

“నాకేమెరుకరా. నానమ్మ నిన్నే గురిగి అని పిలిచేది. రెండు ముద్దలకే నిండిపోతవని.”

కంపెనీలో ఇంకో రెండేళ్లు ఉంటానని ఈ మధ్యే ఇంట్లో చెప్పాను. అక్క మెల్లగా అడిగింది.

“ఇప్పుడు ఎంత పోసినా నిండుతలేవేందిరా?”